రెండు పాచికలు వేసి కలపడమా, ఒకటే వేసి డబుల్ చేయడమా?

రెండింటికీ సగటు 7 ఏ కదా ఇంక తేడా ఏముంది అంటారు చాలామంది, ఇంటర్‌లో నేనూ అలాగే అనుకున్నా. కానీ రెండు వేసి కలిపితే 7 రావడానికి 36లో 6 దార్లున్నాయి, 1-6, 2-5, 3-4, మళ్లీ అవే తిరగేసి, 12 కి మాత్రం ఒక్కటే, రెండూ ఆరు పడాలి, అందుకే గ్రాఫ్ గీస్తే మధ్యలో గోపురంలా లేస్తుంది.

ఒకటే వేసి డబుల్ చేస్తే? 7 రానే రాదు, అన్నీ సరి సంఖ్యలే, 2 అయినా 12 అయినా ఛాన్స్ ఆరింట ఒకటి, గ్రాఫ్ బల్లపరుపు.

వేరియన్స్ దగ్గర అసలు మజా, అంటే ఫలితాలు సగటు నుంచి ఎంత చెదిరి పడతాయో చెప్పే కొలత. మొదటిదానికి దాదాపు 5.83, రెండోదానికి 11.67. విడివిడిగా వేస్తే ఒక్కోసారి ఒకటి ఎక్కువ పడి ఇంకోటి తక్కువ పడి సర్దుకుంటాయి, డబుల్ చేస్తే ఆ సర్దుబాటే ఉండదు.

వైకుంఠపాళిలో సరిగ్గా 12 కావాలంటే నేనైతే డబులే అడుగుతా, 7 కావాలంటే మాత్రం ఆ రెండో పాచిక ఇటు పడెయ్యండి.