యుద్ధం నడుస్తుండగా తనిఖీయా, ముగిశాక విచారణా?
కంచన్‌బాగ్ క్షిపణి ల్యాబులు, బాలానగర్ వర్క్‌షాపులు ఉన్న హైదరాబాద్‌కు రక్షణ కాంట్రాక్టులు పరాయి విషయం కాదు. సరుకు నాసిరకమైతే పోయేది సైనికుడి ప్రాణం. ఈ విషయంలో అమెరికా రెండు దారులూ చూసింది.

మొదటిది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో రక్షణ కాంట్రాక్టుల తనిఖీకి సెనేటర్ హ్యారీ ట్రూమన్ నాయకత్వంలో వేసిన ట్రూమన్ కమిటీ. దాని ఖర్చులకు మొదట ఇచ్చింది 15,000 డాలర్లే. యుద్ధం నడుస్తుండగానే ఫ్యాక్టరీలకు వెళ్లి చూశారు. ఒహాయోలోని కర్టిస్-రైట్ ప్లాంటు లోపాలున్న విమాన ఇంజిన్లను తనిఖీ పాసైనట్టు చూపించి సైన్యానికి అంటగడుతోందని 1943లో బయటపెట్టారు. తర్వాత ముగ్గురు సైనిక అధికారులు కోర్టు మార్షల్‌లో విధి నిర్లక్ష్యానికి దోషులుగా తేలారు. బాధ్యత ఫలానా వాళ్లదని తేలడమే నాకు ముఖ్యం.

రెండోది ఇరాక్, అఫ్ఘానిస్థాన్ కాంట్రాక్టులపై 2008లో వేసిన కమిషన్. 3,100 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్లు వృథాకూ మోసాలకూ పోయాయని 2011లో అంచనా వేసింది. అప్పటికే డబ్బు చేతులు దాటింది. పైగా కమిషన్ రికార్డులను 2031 దాకా మూసి ఉంచారు. ఇది నాకు మింగుడుపడదు.

యుద్ధవేళ ప్రశ్నిస్తే సైన్యం మనోబలం దెబ్బతింటుందంటారు. నేను ఒప్పుకోను. ట్రూమన్ యుద్ధవ్యూహాల జోలికి పోలేదు, కొనుగోళ్లనే నిలదీశాడు. మన కాగ్ ఆడిట్ కూడా ఎక్కువగా కొనుగోలు ముగిశాకే వస్తుంది. నా ఓటు మొదటి దారికే.