జిప్సీలో ఎంపీఎఫ్ఐ ఇంజిన్: నాలుగేళ్లు వాడిన వైరింగ్ కిట్ మీద నా మాట

నా బండి 1998 జిప్సీ కింగ్, మారుతి వాళ్ల జీపు, కార్బ్యురేటర్ మోడల్. 2000లో మారుతి ఇదే 1298 సీసీలో 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెట్టింది, అంటే కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే రకం. 60 హార్స్‌పవర్ బండి 80 అయ్యింది. ఆ జీ13బీబీ ఇంజిన్‌ని 2021 మొదట్లో నా బండిలోకి దించాను. ఇంజిన్ మంచిదే, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి ఏడాది నన్ను ఏడిపించిందీ, తర్వాత నాలుగేళ్లు నిశ్చింతగా తిప్పిందీ వైరింగే. ఇంజిన్ మార్చాలనుకునేవాళ్లు ఇంజిన్ రేటు అడుగుతారు, గేర్‌బాక్స్ సరిపోతుందా అని అడుగుతారు. వైరింగ్ సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

ఇంజిన్, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), దాని వైరింగ్ మూడూ మద్రాసులో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో కొన్నాను. ఇంటికొచ్చి మూట విప్పితే వైరింగ్‌ని కప్లర్ల (ఊడదీసి పెట్టే ప్లాస్టిక్ జోడింపులు) దగ్గర జానెడు వదిలి కోసేసి ఉంది. తిరుపతిలో ఒక ఎలక్ట్రీషియన్ "నాకొదిలెయ్ అన్నా, నేను చూసుకుంటా" అని మూడు రోజుల్లో కలిపిచ్చాడు. తొమ్మిది వేలు తీసుకున్నాడు. కోసిన ప్రతి వైరుకీ ఇంకో ముక్క మెలేసి పైన టేపు చుట్టాడు. ఆ ముక్కలేమో ఇళ్లకు వాడే వైరు. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. అంతే, నేను ఇంకేమీ చూడలేదు.

రెండు నెలలకే తేడా తెలిసింది. రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు కలిపి వేస్తే ఐడిలింగ్, అంటే బండి నిలిపి ఉన్నప్పటి ఇంజిన్ వేగం, ఊగేది. మైలేజీ లీటరుకి ఎనిమిది దాటలేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పితే నల్లగా మసి. 2021 నవంబరు వానలు తిరుపతివాళ్లు ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆ వానలు తగ్గిన వారానికి అమ్మని తీసుకుని పీలేరు బయల్దేరాను. భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే పికప్ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, సరిగ్గా ఒక మలుపులో బండి ఆగిపోయింది. చీకటి, తుంపర, వెనక నుంచి లారీలు. అమ్మని దించి పిట్టగోడ పక్కన నిలబెట్టి, ఫోన్ లైటు ఊపుతూ నేను రోడ్డు మీద నిలబడ్డాను. ఆ అరగంట తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

చిత్తూరులో లారీలకీ ట్రాక్టర్లకీ వైరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి బండిని కట్టి లాక్కెళ్లాం. ఆయన ముందు టేపు జోలికే పోలేదు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి "సెల్ఫ్ కొట్టు సామీ" అన్నాడు. 1.1 వోల్టులు చూపించింది. "ఇది సున్నా పక్కన ఉండాల. నీ ఇంజిన్‌కి సరిగ్గా ఎర్తే లేదు" అన్నాడు. అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి సరిగా లేదన్నమాట. తర్వాత బ్లేడుతో ఒక జాయింట్ మీద టేపు కోసి చూపించాడు. లోపల రాగి పచ్చగా మారి ఉంది. వేళ్లతో నలిపితే పొడి రాలింది.

ఆయన విడమరిచి చెప్పాక నా బండి రోగాలన్నీ అర్థమయ్యాయి. మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి చూసేది), థ్రాటిల్ సెన్సర్ (యాక్సిలరేటర్ ఎంత తొక్కామో చూసేది) లాంటివి ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల మీద పనిచేస్తాయి. వాటి ఎర్త్ తిరిగి ఈసీఎంకే పోవాలి. మొదటి మనిషి వాటిని బాడీకి బిగించాడు. బాడీ ఎర్త్ అసలే బలహీనం. లైట్లు వేస్తే అక్కడ వోల్టేజీ లేస్తుంది, సెన్సర్ రీడింగ్ కూడా దాంతోపాటు పెరుగుతుంది. ఇంజిన్ మీద లోడ్ పడిందని ఈసీఎం పొరబడి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మసి, మైలేజీ రెండూ అందుకే. ఇక పెట్రోల్ పంపు. కార్బ్యురేటర్ బండికి పంపు ఇంజిన్ మీదే ఉండి ఇంజిన్‌తోనే నడుస్తుంది, కరెంటుతో పనిలేదు. ఎంపీఎఫ్ఐకి ఎలక్ట్రిక్ పంపు కావాలి. ఆ పంపుకి సన్న వైరు లాగి, మధ్యలో రెండు మెలికల జాయింట్లు పెట్టారు. పంపు దగ్గర 10 వోల్టులు కూడా అందడం లేదు. ఘాట్‌లో ఆగక ఇంకేం చేస్తుంది!

"దీన్ని బాగుచేసేదేం లేదు, కొత్తది కట్టుకుందాం" అన్నాడు పెద్దాయన. 2022 ఫిబ్రవరిలో పదకొండు రోజులు పట్టింది. ప్లైవుడ్ చెక్క మీద మేకులు కొట్టి, ఇంజిన్ చుట్టూ వైర్లు ఎక్కడ ఎటు తిరగాలో అలాగే పరిచి కిట్ కట్టాడు. అన్నీ వేడికి తట్టుకునే ఆటోమొబైల్ వైర్లే. సెన్సర్లకి అర చదరపు మిల్లీమీటరు, పంపుకి రెండున్నర. పంపుకి విడిగా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి), 15 ఆంపియర్ ఫ్యూజు. జాయింట్లన్నీ క్రింప్ చేసి, అంటే లోహపు ముక్కలో పెట్టి గట్టిగా నొక్కి, లోపల గమ్ము ఉండే స్లీవ్ వేడి చేసి అతికించాడు. మెలేసిన జాయింట్ ఒక్కటి లేదు. ఎర్త్ కోసం బ్యాటరీ నుంచి బ్లాక్‌కి, బ్లాక్ నుంచి ఛాసీకి, బ్యాటరీ నుంచి బాడీకి మూడు లావు కేబుళ్లు వేశాడు. పెయింటు గీకి తెల్లటి ఇనుము కనిపించాకే థింబుల్ (కేబుల్ కొసన ఉండే లోహపు రింగు) బిగించాడు. మళ్లీ మీటర్ పెడితే సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.15. మొత్తం 23,500 అయ్యింది. మొదటి తొమ్మిది వేలు పోయినట్టే.

అప్పట్నుంచి 61,000 కిలోమీటర్లు తిరిగింది. దామలచెరువు దగ్గర మామిడి తోటకి వారానికి రెండుసార్లు వెళ్తాను, అందులో సగం దారి గతుకులే. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. మైలేజీ పదకొండు, హైవే మీద పన్నెండు. తాళం తిప్పగానే వెనక పంపు రెండు మూడు సెకన్లు సన్నగా బుయ్యిమని ఆగుతుంది. ఇప్పటికీ అది విన్నాకే సెల్ఫ్ కొడతాను. 2024లో రింగుల పనికి ఇంజిన్ దింపినప్పుడు మెకానిక్ నాలుగు కప్లర్లు ఊడదీశాడు, అంతే. ఒక్క వైరూ కోయలేదు. లైట్లు, ఇండికేటర్ల పాత వైరింగ్‌ని కదపకుండా, కొత్త కిట్‌ని ఫ్యూజు బాక్సు దగ్గర ఒక్కచోటే కలపడం వల్ల ఇది కుదిరింది.

లోపాలూ ఉన్నాయి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య రేకు) దగ్గర వైర్లు పోయే ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నిలిచేవి. కింద చిన్న చిల్లు పెట్టి ఉండాల్సింది, రెండో వానాకాలంలో నేనే పెట్టాను. ఆల్టర్నేటర్ మెయిన్ థింబుల్ ఒకసారి వదులై, వేడెక్కి, వైరు కొస నల్లబడింది. ఇప్పుడు ప్రతి సర్వీసుకీ దాన్ని బిగించి చూస్తాను. తోటలో రాత్రి ఆపితే ఎలుకలు రెండుసార్లు ఇంజెక్టర్ వైరు కొరికాయి. రంగులు చాలక రెండు వేరే వేరే పనులకి ఎర్ర వైరే వాడారు. చీటీలు అంటించారు కానీ అక్షరాలు ఏడాదికే చెరిగిపోయాయి. వైరింగ్ బొమ్మ పెద్దాయన రూళ్ల నోటుబుక్కులో వేసిచ్చాడు కాబట్టి సరిపోయింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి డాష్ బాక్సులోనే ఉంచుతాను. ఎవరితో కట్టించుకున్నా ఆ బొమ్మ చేతికొచ్చాకే డబ్బులివ్వండి.

కాగితాల పని కూడా చెబుతాను. ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్‌టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్సు వాళ్లకీ తెలపాలి. అదే కంపెనీ, అదే పెట్రోల్, అదే సీసీ కావడంతో నాకు ఇబ్బంది రాలేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. డబ్బు మిగులుతుందని సెన్సర్ కప్లర్లు మాత్రం పుదుపేట వైరింగ్‌వే వాడమన్నాను. ఇన్నేళ్ల వేడికి వాటి ప్లాస్టిక్ పెళుసెక్కింది. పోయిన నెల మ్యాప్ సెన్సర్ కప్లర్ లాక్ చేతిలోనే విరిగింది. కొత్తది 350 రూపాయలు, అప్పుడే వేయించి ఉంటే పోయేది. పాతవి ఇంకా అయిదున్నాయి. అక్టోబరులో మన వానలు మొదలయ్యేలోపు అన్నీ మార్పించాలి. పెద్దాయనకి ఫోన్ చేశాను, ఆదివారం పొద్దున్నే చిత్తూరుకి బండి తెమ్మన్నాడు.