తీర్థంలో జెయింట్ వీల్, రావిర్యాలలో రీకాయిల్

మాది నర్సాపురం. ఎటు చూసినా చదునే. వరిచేలు, రొయ్యల చెరువులు, కొబ్బరితోటలు, కాలవగట్లు. కొండ చూడాలంటే రాజమండ్రి దాటి పాపికొండల దాకా పోవాలి. ఇలాంటి చోట పుట్టినవాళ్ళకి నేల వదిలి పైకి లేవడానికి చిన్నప్పుడు ఒక్కటే దారి, తీర్థంలో జెయింట్ వీల్. నాకా పిచ్చి అక్కడే పట్టింది, నలభై దాటినా వదల్లేదు. మావారికి ఉయ్యాల బల్ల ఎక్కినా కళ్ళు తిరుగుతాయి. అందుకని ఎక్కడికెళ్ళినా ఆయన బ్యాగుల దగ్గర కాపలా, నేనూ మా అమ్మాయీ క్యూలో.

పార్కు బావుందా లేదా అని అడిగేవాళ్ళంతా ముందు రైడ్ ఎంత ఎత్తు, ఎంత స్పీడు అని అడుగుతారు. అది పోస్టర్ మీదే ఉంటుంది. రోజు హాయిగా గడుస్తుందా, తలనొప్పితో ఇంటికొస్తామా అన్నది తేల్చేది మాత్రం క్యూ నడిపే కుర్రాడు, సీటు లాక్ చూసే కుర్రాడు. వాళ్ళ పనితనాన్ని బట్టే నేను మార్కులేస్తాను. తీర్థంలో వీల్‌కైనా అంతే, వందల కోట్ల పార్కుకైనా అంతే.

ముందు మన దగ్గరివే చెబుతాను. భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాలు సంక్రాంతి నాటికి మొదలై వారాల తరబడి నడుస్తాయి. ఎగ్జిబిషన్‌లో పడవలా ఊగే కొలంబస్, గిరగిరా తిప్పే టోరాటోరా, బ్రేక్ డాన్స్, పిల్లలకి డ్రాగన్ ట్రైను, చెక్కబావి గోడల మీద తిరిగే మోటార్ సైకిళ్ళు, అన్నీ ఉంటాయి. చేతిలో ఢిల్లీ అప్పడం ముక్కలవుతూ ఉంటుంది, పక్కనుంచి మిరపకాయ బజ్జీ వాసన. పండగ మూడురోజులూ చుట్టుపక్కల ఊళ్ళలో కోడిపందేల బరుల పక్కన కూడా చిన్న వీల్స్ వేస్తారు. నా ఓటు వాటికే. చీకటి పడ్డాక వీల్ పైన ఆగినప్పుడు కిందకి చూడండి. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతుంటాయి, గట్టు మీది బల్బు వెలుగు ఆ నురగలో పడి ముక్కలు ముక్కలుగా కదులుతుంటుంది. మైకులో పందెం గోల సన్నగా పైకి వినిపిస్తుంది. ఆ కాసేపటికి టికెట్ డబ్బులు వచ్చేసినట్టే.

ఫెర్రిస్ అనే ఇంజనీరు 1893లో చికాగో ఎగ్జిబిషన్ కోసం కట్టిన మొట్టమొదటి పెద్ద చక్రం 80 మీటర్ల ఎత్తు. 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. దాని ముందు మన బరి పక్క వీల్ ఏ మూలకి? అయినా గుండెలు అదిరేది మనదాంట్లోనే. పెట్టె కిర్రుమంటుంటుంది, తలుపుకి గొలుసు తప్ప ఇంకేం ఉండదు.

ఈ తీర్థం రైడ్లు ఎక్కేముందు నేనొక చుట్టు చుట్టి వస్తాను. మనది రేగడి నేల, వాన పడితే మెత్తబడిపోతుంది. రైడ్ ఇనప కాళ్ళ కింద చెక్కదిమ్మలు సమంగా పేర్చారా, ఒక పక్కకి కుంగాయా అన్నది కంటికే కనిపిస్తుంది. ఆ తర్వాత పిన్నులు. ఇనప కమ్మీల అతుకుల దగ్గర పెద్ద పిన్ను, అది జారకుండా చిన్న క్లిప్పు ఉండాలి. క్లిప్పు పోయి ఆ చోట తీగముక్క చుట్టి ఉంటే వెనక్కొచ్చేయడమే. ఇంక వీల్ తిప్పేవాణ్ణి చూడాలి. పని తెలిసినవాడు ఎదురెదురు పెట్టెలు నింపుకుంటూ వస్తాడు, బరువు రెండువైపులా సరిపోయేలా. జనం తోసుకొస్తున్నారని ఒకవైపంతా నింపేసి గిర్రున తిప్పేవాడి వీల్ నేనెక్కను, ఊరికే ఎక్కించినా సరే.

ఒక ఎగ్జిబిషన్‌లో కొలంబస్ ఎక్కి కూర్చున్నాక ఒళ్ళో పడాల్సిన కడ్డీ లాక్ పడలేదు. ఆ కుర్రాడు మెడలో తువ్వాలు తీసి కడ్డీకి కట్టబోయాడు. "ఏం కాదక్కా, గట్టిగా పట్టుకోండి" అన్నాడు. మేం దిగిపోయాం. టికెట్ డబ్బులు ఇవ్వనన్నారు. మావారు గొడవ పడబోతే నేనే లాక్కొచ్చాను. పోతే పోయాయి.

అంతర్వేది తీర్థం సంగతి వేరు. భీష్మ ఏకాదశికి రథం కదిలే రోజు జనంలో రైడ్ ఎక్కాలనుకోవడం దండగ. ఆ రోజు స్వామిని చూసి జీళ్ళు, ఖర్జూరం కొనుక్కుని రావడమే. రథం అయిన మర్నాడు వెళితే కొంచెం ఊపిరాడుతుంది. మా ఊరి నుంచి పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగితే అక్కడనుంచి ఆటోలు దొరుకుతాయి. తీర్థానికని బయటనుంచి వచ్చేవాళ్ళు నర్సాపురంలో లాడ్జి చూసుకోవడం మంచిది. సౌకర్యం కావాలనుకుంటే, చించినాడ వంతెన అవతల దిండిలో వశిష్ట గోదావరి ఒడ్డున రిసార్టులూ హౌస్‌బోట్లూ ఉన్నాయి. హౌస్‌బోట్‌లో పులసల కథలు వింటూ పడుకోవడానికి బావుంటుంది, నాలాంటివాళ్ళకి మాత్రం గంటకే కాళ్ళు కొట్టుకుంటాయి. పైగా తీర్థం రోజుల్లో గదుల రేట్లు చుక్కల్లో ఉంటాయి.

అసలు ఈ గోదావరి జిల్లాల్లో అన్నిటికన్నా ఒళ్ళు గగుర్పొడిచేది టికెట్ లేనిది. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించినవి, వస్తాయి. అంతెత్తు ప్రభని భుజాల మీద మోసుకుంటూ పచ్చని వరిచేల మధ్యనుంచి, కౌశిక కాలువ నీళ్ళలోంచి దాటిస్తుంటే ప్రభ ఒకసారి ఇటు ఒరుగుతుంది, ఒకసారి అటు. గట్టు మీద నిలబడ్డవాళ్ళందరికీ ఊపిరి ఆగిపోతుంది. ఏ రోలర్ కోస్టరూ నాకు అంత టెన్షన్ ఇవ్వలేదు.

మన చుట్టుపక్కల ఈమధ్య వచ్చిన చిన్న వాటర్ పార్కుల గురించి రెండు మాటల్లో తేలుస్తాను. టికెట్ కొనేముందు కొలను దగ్గరికి వెళ్ళి చూడనిస్తారేమో అడగండి. నడుంలోతు నీళ్ళలో అడుగున టైల్స్ గీతలు స్పష్టంగా కనిపిస్తే దిగండి. కనిపించకపోతే దిగకండి. మేం వెళ్ళిన ఒక చోట నీళ్ళు కొబ్బరినీళ్ళ రంగులో ఉన్నాయి, బ్లీచింగ్ వాసన మాత్రం గేటు దాకా కొట్టింది. మే నెల మధ్యాహ్నం, స్లైడ్ మెట్ల మీద కాళ్ళు కాలిపోయాయి, నీడకి ఒక్క రేకుల షెడ్డు. లైఫ్‌గార్డ్ అని చొక్కా మీద రాసి ఉన్న అబ్బాయి ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇక హైదరాబాద్. మాకు వండర్‌లా పార్కు అంటే ఏడాదికోసారి అత్తారింటికి వెళ్ళినట్టు. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర, రావిర్యాలలో ఉంది. 2016లో తెరిచారు. రైల్లో వెళ్ళి సికింద్రాబాద్‌లో దిగితే నగరం మొత్తం అడ్డంగా దాటాలి. మేం రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లో దిగుతాం, అక్కడనుంచి క్యాబ్. గది కూడా ఎల్బీ నగర్ వైపో, తుక్కుగూడ, శంషాబాద్ వైపో తీసుకుంటే రాత్రి అలిసిపోయి వచ్చాక ట్రాఫిక్‌లో ఏడవక్కర్లేదు. గది విషయంలో ఒక జాగ్రత్త. ఒక లాడ్జివాళ్ళు ఫోన్లో "పొద్దున్న ఆరింటికే రండి మేడం, పర్లేదు" అన్నారు. తీరా వెళ్ళాక చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకనీ, అప్పటిదాకా సగం రోజు అద్దె వేరే కట్టాలనీ చెప్పారు. అప్పటినుంచి ఏది చెప్పినా వాట్సాప్‌లో రాసి పంపమంటున్నాను. రాసి పంపినవాళ్ళు మాట తప్పడం తక్కువ.

అక్కడి రీకాయిల్ గురించి చెప్పకుండా ఉండలేను. నెదర్లాండ్స్‌కి చెందిన వెకోమా కంపెనీ బూమరాంగ్ తరహా కోస్టర్ అది. బండిని ముందు వెనక్కి లాగి ఎత్తైన పట్టాల మీద నిలబెడుతుంది. మొహం నేలవైపు, బరువంతా భుజాల మీది పట్టీల మీద. ఠక్కున వదిలేస్తుంది. ఎక్కిన ప్లాట్‌ఫారం మీదనుంచే దూసుకెళ్ళి రెండుసార్లు మెలి తిరిగి, ఒక గుండ్రం కొట్టి, అవతలి ఎత్తు ఎక్కుతుంది. అక్కడ గొలుసు ఇంకాస్త పైకి లాగుతుంది. కటకటమని ఆ చప్పుడు, ఆ తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. మళ్ళీ వదులుతుంది, ఈసారి వెనక్కి. వచ్చిన దారంతా కళ్ళకి కనపడకుండా తిరిగి రావాలి. మొత్తం ఆరుసార్లు తలకిందులు. ముందు సీటు కోసం అందరూ కొట్టుకుంటారు గానీ నేను చివరి వరస తీసుకుంటాను. మొదట లాగినప్పుడు అందరికన్నా ఎత్తుకి వెళ్ళేది ఆ వరసే.

అక్కడ నాకు నచ్చేది ఇంకొకటి. లాక్ చూసే పిల్లలు వరసంతా నడుచుకుంటూ వచ్చి ఒక్కో పట్టీని పైకి లాగి, కిందకి నొక్కి, చివరికి చెయ్యెత్తి క్యాబిన్‌లో ఉన్నవాళ్ళకి చూపిస్తారు. క్యూ ఎంత పెద్దదైనా ఆ నడకలో తొందర ఉండదు. తువ్వాలు కట్టబోయిన కొలంబస్ కుర్రాణ్ణి చూసినదాన్ని కదా, నాకు ఇదే పెద్ద రైడ్.

గేటు తీయగానే మిగతావి చూడకుండా నేరుగా రీకాయిల్ దగ్గరికి వెళ్ళండి. రెండోసారి ఎక్కాలంటే భోజనాల వేళ, జనం అన్నాలకి పోయినప్పుడు. క్యూ తప్పించుకోవడానికి ఎక్కువ డబ్బు కట్టి తీసుకునే ఫాస్ట్‌ట్రాక్ ఆదివారాలకీ సెలవులకీ తప్ప అనవసరం. మంగళవారమో బుధవారమో వెళితే మామూలు టికెట్ చాలు, ధర కూడా తక్కువే. నీళ్ళ రైడ్లకి నైలాన్ బట్టలే వేసుకోవాలి, కాటన్ చుడీదార్లతో రానివ్వరు. అక్కడ కొనే బదులు ఇంటినుంచే లెగ్గింగ్, టీషర్ట్ తెచ్చుకుంటే మేలు. ఎత్తు కొలిచే కర్ర దగ్గర పిల్లలు ఏడవడం రోజూ ఉండేదే, ముందే ఇంట్లో గోడకి కొలిచి చెప్పి తీసుకెళ్ళండి. మరో మాట, బయటి తిండి లోపలికి రానివ్వరు. మా అత్తగారు చీర మడతల మధ్య పెట్టి పంపిన పులిహోర డబ్బా గేటు దగ్గరే దొరికిపోయింది. బయట చెట్టుకింద కూర్చుని పొద్దున్న తొమ్మిదింటికే తినేశాం. "చింతపండు కదా, వాంతులవ్వవులే" అని మావారు ధైర్యం చెప్పారు, ఆయనేమీ ఎక్కరు కాబట్టి.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచీ ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ రికార్డు. నాలాంటి రైడ్ పిచ్చివాళ్ళకి అది కాదు. అత్తగారినీ మామగారినీ తీసుకెళ్ళాలంటే మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. బస్సులో కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పి చూపిస్తారు, మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారు. ఇందిరా పార్క్ దగ్గర స్నో వరల్డ్ ఎండాకాలంలో పిల్లలకి ఓ పూట కాలక్షేపం.

మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గరి ఇమాజికా పార్కు 2013లో తెరిచారు. రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పుణెలో దిగి వెళ్ళాం. ఇంతదూరం దేనికంటే, నైట్రో అనే కోస్టర్ కోసం. కాళ్ళ కింద నేల ఉండదు, చెప్పులు విడిచి కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడతాయి, కింద పట్టాలు పరిగెడుతుంటాయి. తలకిందులు ఐదుసార్లు. స్విట్జర్లాండ్ వాళ్ళు బాలిగర్ అండ్ మాబిలార్డ్ తయారు చేసింది. రీకాయిల్‌లో భుజాలకి పట్టీ తగిలి కాస్త నొప్పెడుతుంది, ఇది నూనె రాసినట్టు జారిపోతుంది. గది లోనావలాలో తీసుకున్నాం. శనాదివారాల్లో పుణె, ముంబై జనం విరగబడతారు కాబట్టి వారం మధ్యలోనే వెళ్ళాలి. వానాకాలంలో ఆ కొండలు అద్భుతంగా ఉంటాయి, కానీ గట్టి వానకి పెద్ద రైడ్లు ఆపేస్తారు. కొండలు చూడ్డానికే అయితే జులైలో వెళ్ళండి. నైట్రో కోసమైతే వద్దు. దారి ఖర్చు, గది ఖర్చు కలిపితే హైదరాబాద్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చు. ఒక్కసారికైతే ఆ ఖర్చు పెట్టొచ్చు, ఏటా కాదు.

ఇప్పుడు వండర్‌లావాళ్ళు 2024లో భువనేశ్వర్‌లో, 2025 డిసెంబరులో చెన్నై దగ్గర తిరుప్పోరూర్ వైపు కొత్త పార్కులు తెరిచారు. చెన్నై పార్కులో పట్టాలకి కింద వేలాడే కోస్టర్ ఉంది, పేరు తంజోరా. భీమవరం టౌన్‌లో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెంగల్పట్టులోనే దిగొచ్చు, చెన్నై ఊళ్ళో దిగకుండానే. మా అమ్మాయి పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో అనుకుంటున్నాం. చెంగల్పట్టు వైపు శుభ్రమైన గదులు ఎక్కడున్నాయో, నీళ్ళు సరిగ్గా వస్తాయో లేదో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. మావారు మాత్రం మహాబలిపురంలో దిగుతానంటున్నారు. అక్కడ సముద్రం ఉంది, గుళ్ళున్నాయి, ఎక్కాల్సినవేమీ లేవు.