వలస వార్బ్లర్‌ల కోసం 8×42 బైనాక్యులర్స్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

బైనాక్యులర్ కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఎంత దగ్గరగా చూపిస్తుంది?" అని. చెరువులో బాతుల కోసమో, ఆకాశంలో గద్దల కోసమో అయితే ఆ ప్రశ్న సరైనదే. శరదృతువు మొదట్లో వలస వచ్చే వార్బ్లర్‌ల (ఆకుల్లో పురుగులు ఏరుకు తినే చిన్న పిట్టల) కోసమైతే మాత్రం అడగాల్సింది "పక్షి ఎంత త్వరగా దొరుకుతుంది?" అని. చాలా ఏళ్లుగా ఒకే 8×42 జతను (8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) ఈ పనికి వాడుతున్నాను. దాని గురించి నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతిలో మంచి జత ఏది తీసుకున్నా ఈ మాటలు దాదాపు వర్తిస్తాయి.

ముందు పక్షి సంగతి తెలిస్తేనే పరికరం సంగతి అర్థమవుతుంది. విల్లో వార్బ్లర్ బరువు సుమారు 10 గ్రాములు. తూర్పు సైబీరియాలో గూడు కట్టే విల్లో వార్బ్లర్‌లు శీతాకాలానికి ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరతాయి, అంటే దాదాపు 12,000 కిలోమీటర్లు. అమెరికా ఖండంలో బ్లాక్‌పోల్ వార్బ్లర్ ఇంకో అద్భుతం. ఈశాన్య తీరం నుంచి బయల్దేరి అట్లాంటిక్ మీదుగా రెండు మూడు రోజులు ఎక్కడా వాలకుండా ఎగురుతుందని, వాటి వీపుకు చిన్న పరికరాలు కట్టి చేసిన పరిశోధన 2015లో రుజువు చేసింది. బయల్దేరే ముందు కొవ్వు పట్టించి బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. ఇలాంటి ప్రయాణం మధ్యలో మన ఎదురుగా చెట్టు మీద వాలిన పక్షికి తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు. ఒక ఆకు కింద పురుగును ఏరుకుని, ఇంకో రెమ్మకు దూకి, వెంటనే ఆకుల వెనక్కి పోతుంది. మనకు దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ లోపల పక్షి అద్దాల్లోకి రావాలి, స్పష్టంగా కనిపించాలి, కావలసిన గుర్తులు కంట్లో పడాలి.

అందుకే ఎంత వెడల్పు చూపిస్తుందన్నదే నా దృష్టిలో మొదటి లెక్క. నా జత వెయ్యి మీటర్ల దూరంలో సుమారు 140 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. పది మీటర్ల దూరంలోని చెట్టు దగ్గర అది 1.4 మీటర్లు. మామూలు 10×42లో 110 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అదే చెట్టు దగ్గర 1.1 మీటర్లే. కాగితం మీద ముప్పై సెంటీమీటర్లు పెద్ద తేడాగా అనిపించదు. కానీ పక్షి ఒక్క దూకుకు పోయే దూరం కూడా ఇంచుమించు అంతే. దూకిన తర్వాత కూడా అది నా అద్దాల్లోనే ఉందా, బయటికి పోయిందా అన్నది ఆ ముప్పై సెంటీమీటర్ల మీదే ఆధారపడుతుంది. తోటి బర్డర్‌ల (పక్షులు చూసేవాళ్ల) 10×42లు చాలాసార్లు అడిగి తీసుకుని చూశాను. ఆగి ఉన్న పక్షి వాటిలో నిజంగానే పెద్దగా, అందంగా కనిపిస్తుంది. కదిలే వార్బ్లర్‌ను వెతికి పట్టుకోవడానికి మాత్రం ప్రతిసారీ ఎక్కువ సమయం పట్టింది. తల పైకెత్తి, చేతులు గాల్లో ఉంచి చూసేటప్పుడు చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదై కనిపిస్తుంది. అలాగే 8 రెట్ల దాంట్లో ముందు వెనకల లోతు ఎక్కువ దూరం వరకు స్పష్టంగా ఉంటుంది. పక్షి ఒక కొమ్మ వెనక్కి పోయినంత మాత్రాన ఫోకస్ చక్రం తిప్పే పని పడదు.

ఫోకస్ చక్రం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో దీన్ని ఎవరూ సరిగా పరీక్షించరు. ఎదురుగా ఉన్న గోడను చూసి, దూరంగా ఉన్న బోర్డును చూసి, బాగుంది అనుకుని కొనేస్తారు. వార్బ్లర్ అయితే చెట్టు చివర నుంచి మీ ముందున్న పొదలోకి ఒక్క ఊపులో దిగుతుంది. ముప్పై మీటర్ల నుంచి మూడు మీటర్లకు చూపుడు వేలు ఎత్తకుండా రాగలగాలి. నా దాంట్లో చక్రం ఒక చుట్టు కంటే కాస్త ఎక్కువ తిరిగితే దగ్గరి నుంచి దూరానికి మొత్తం అయిపోతుంది. ఈ పనికి అది సరిగ్గా సరిపోయింది. ఇంతకంటే వేగంగా తిరిగే చక్రాలతో మరో ఇబ్బంది ఉంది, సరైన చోటు దాటిపోయి వెనక్కి రావాల్సి వస్తుంది. స్పష్టంగా చూపించగల కనీస దూరం రెండున్నర మీటర్లలోపు ఉన్నదే తీసుకోండి. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ లాంటివి పొదల అడుగున తిరుగుతాయి. మీరు కదలకుండా నిలబడితే మీ మోకాలి ఎత్తులోకి కూడా వస్తాయి.

ఇక వెలుతురు. ఈ పక్షులు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. 1950లలో జర్మనీలో ఫ్రాంజ్ సావర్, ఎలియొనొర్ సావర్ దంపతులు కొన్ని వార్బ్లర్‌లను ప్లానెటేరియంలో, కృత్రిమ నక్షత్రాల కింద ఉంచి చూశారు. వలస కాలంలో అవి నక్షత్రాలను బట్టి దిశ ఎంచుకుంటున్నాయని అక్కడే తేలింది. రాత్రంతా ఎగిరి తెల్లవారేసరికి కిందికి దిగుతాయి కాబట్టి, బాగా ఆకలి మీద ఉండి చురుగ్గా తిరిగేది పొద్దున్నే. అంటే మనం చూడాల్సింది కూడా చెట్ల కింద ఇంకా మసక ఉన్నప్పుడే. 42ను 8తో భాగిస్తే 5.25, అన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న కాంతి కంటికి చేరుతుంది. 10×42లో అది 4.2. మధ్యాహ్నం కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుని ఉంటుంది కాబట్టి ఈ తేడా తెలియదు, తెల్లవారుజామున బాగా తెలుస్తుంది. ఇంకో లాభం ఉంది. హడావుడిగా కళ్లకు ఆనించినప్పుడు కాస్త పక్కకు జరిగినా బొమ్మ నల్లబడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు అద్దానికీ కంటికీ మధ్య కనీసం 16 మిల్లీమీటర్ల దూరం ఇచ్చే జతనే చూసుకోవాలి. లేకపోతే ఆ వెడల్పు అంతా డబ్బు పెట్టి కొని కూడా చూడలేరు.

ఈడీ గాజు (అంచుల్లో లేని రంగులు కనిపించడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు) అవసరమా అని చాలామంది అడుగుతుంటారు. వార్బ్లర్‌ల విషయంలో నా జవాబు అవసరమే అని. పైన తెల్లటి ఆకాశం, దానికి అడ్డంగా సన్నటి కొమ్మ, కొమ్మ మీద పక్షి ఉంటాయి. మామూలు గాజులో ఆ అంచుల వెంట ఊదా రంగు, ఆకుపచ్చ రంగు గీతలు కనిపిస్తాయి. ఆకుపచ్చ, పసుపు, బూడిద రంగుల చిన్న చిన్న తేడాలతోనే పేరు తేల్చుకోవాల్సిన పక్షుల దగ్గర ఆ లేని రంగులు బాగా అడ్డం వస్తాయి.

శరదృతువులో ఆ తేడాలు ఎంత చిన్నవో చూడకపోతే నమ్మడం కష్టం. విల్లో వార్బ్లర్, చిఫ్‌చాఫ్ అనే మరో వార్బ్లర్ పక్కపక్కన ఉంటే మొదట చూసేవాళ్లకు ఒకే పక్షిలా ఉంటాయి. విల్లో కాళ్లు సాధారణంగా లేత రంగు, చిఫ్‌చాఫ్ కాళ్లు ముదురు రంగు. చిఫ్‌చాఫ్ తిరుగుతున్నంతసేపూ తోకను కిందికి ఊపుతూనే ఉంటుంది. మూసిన రెక్క చివర విల్లోకు పొడవుగా ముందుకు వస్తుంది, చిఫ్‌చాఫ్‌కు పొట్టిగా ఉంటుంది. ఎక్కువ దూరం పోయే పక్షికి పొడవైన రెక్క అనుకుంటే గుర్తుంటుంది. ఆ ఏడాది పుట్టిన విల్లో పిల్లలు పొట్ట కింద పెద్దవాటికంటే పసుపుగా ఉంటాయి. గ్రీనిష్ వార్బ్లర్‌కు రెక్క మీద ఒక సన్నటి లేత గీత ఉంటుంది, ఈకలు అరిగితే అదీ పోతుంది. హ్యూమ్స్ వార్బ్లర్‌కు రెండు గీతలు. అమెరికాలోనూ ఇదే తంటా. వసంతంలో తేలిగ్గా గుర్తుపట్టగలిగే బ్లాక్‌పోల్, బే-బ్రెస్టెడ్ వార్బ్లర్‌లు శరదృతువులో రెండూ రెక్కల మీద రెండు తెల్ల గీతలతో ఆకుపచ్చగా మారిపోతాయి. బ్లాక్‌పోల్‌కు తోక కింది ఈకలు తెల్లగా, అరికాళ్లు పసుపుగా ఉంటాయి. పది గ్రాముల పక్షి అరికాలి రంగు చూడాలంటే అద్దాలు ఎంత బాగుండాలో ఊహించండి. నా జత ఆ పని చేస్తుంది. పదిహేను మీటర్ల లోపు, వెలుతురు పక్షి వెనక నుంచి పడకపోతే, కాళ్ల రంగు, ముక్కు కింది సగం రంగు, కనుబొమ గీత ఎక్కడ ఆగిందీ అన్నీ తెలుస్తాయి. వెలుతురుకు ఎదురుగా చూడాల్సి వస్తే ఎంత ఖరీదైన అద్దమూ కాళ్ల రంగు చెప్పలేదు. నాలుగడుగులు నడిచి సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకోవడమే మార్గం.

బైనాక్యులర్ తీయడానికి ముందే సగం పని చెవితో అయిపోవాలి. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడు విల్లో, చిఫ్‌చాఫ్, వుడ్ వార్బ్లర్‌లు మూడూ వేర్వేరు పక్షులని వాటి పాటల తేడాతో గుర్తుపట్టారు. శరదృతువులో పాట చాలావరకు ఉండదు, చిన్న పిలుపులే ఉంటాయి. చిఫ్‌చాఫ్ 'హ్వీట్' అని ఒక్క ముక్కలో అంటుంది, విల్లో 'హూ-ఈట్' అని రెండు ముక్కలుగా సాగదీస్తుంది. గ్రీనిష్‌ది 'చి-స్వీ', బ్లైత్స్ రీడ్‌ది పొద లోపలి నుంచి గట్టిగా 'చెక్'. శబ్దం విని పేరు చెప్పే ఫోన్ యాప్‌లు కూడా వాడుతున్నాను. చెట్టు మీద ఏదో ఉందని తెలియజేయడానికి అవి చాలా బాగా పనికొస్తాయి. ఒక్క ముక్క పిలుపును పట్టుకుని యాప్ పేరు చూపించగానే రాసేసుకోవడం మాత్రం సరికాదు. పేరు చూపించగానే తలెత్తి పక్షిని వెతకాలి. పిలుపు రికార్డింగ్‌ను పక్షికే వినిపించి బయటికి రప్పించడం నాకు అసలు నచ్చదు. వేల కిలోమీటర్లు పోవాల్సిన పక్షి తినాల్సిన సమయాన్ని మనం లాక్కున్నట్టే.

పక్షిని అద్దాల్లోకి తెచ్చే పద్ధతి ఒకటుంది, అది వస్తే ఏ జతైనా రెట్టింపు పనికొస్తుంది. పక్షి మీద నుంచి చూపు తిప్పకూడదు. మెడ కదపకుండా బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తేవాలి. కిందికి చూసి బైనాక్యులర్ అందుకుని మళ్లీ పైకి చూస్తే పక్షి ఉండదు. కదలని ఆకుల మీద ఇంట్లోనే సాధన చేయొచ్చు.

ఇన్నేళ్ల వాడకంలో లోపాలూ బయటపడ్డాయి. కుడి కంటి సర్దుబాటు రింగు వదులైంది. సంచిలోంచి తీసిన ప్రతిసారీ చూసుకోవాలి, లేకపోతే కాసేపటికే కళ్లు నొప్పి పుడతాయి. ఇప్పుడు దాని మీద సన్నటి టేపు చుట్టి ఉంచాను. ఒకవైపు కంటి కప్పు తిప్పిన చోట నిలవడం లేదు. కంపెనీకి రాస్తే చాలా రోజుల వరకు జవాబు రాలేదు, వచ్చిన జవాబు కూడా విడిభాగం ఇక దొరకదని. కొనేముందు మరమ్మతు సంగతి గట్టిగా కనుక్కోండి, పదేళ్లు వాడే వస్తువు ఇది. లోపల నైట్రోజన్ నింపి ఉండటం వల్ల వానలో తడిసినా, చల్లటి గదిలోంచి ఉక్కలోకి వచ్చినా లోపలి అద్దాలకు ఇప్పటివరకు ఆవిరి పట్టలేదు. బయటి అద్దాల మీది పూత కూడా గీతలు లేకుండా ఉంది. దుమ్మును ముందు ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే గుడ్డ పెట్టడం వల్లనే అనుకుంటాను.

బరువు దాదాపు 680 గ్రాములు. దాంతో వచ్చిన మెడ పట్టీ మొదటి సీజన్‌లోనే పక్కన పెట్టాను. రెండు భుజాల మీదుగా వీపు వెనక కలిసే పట్టీ తీసుకున్నాక తేడా స్పష్టంగా తెలిసింది. తల పైకెత్తి చెట్ల చివర్లు చూసీ చూసీ మెడ పట్టేయడాన్ని బర్డర్‌లు 'వార్బ్లర్ నెక్' అంటారు. పట్టీ మార్చినంత మాత్రాన అది పూర్తిగా పోదు. చెట్టు కింద నిలబడకుండా కొంచెం దూరం జరిగి, వీలైతే మిట్ట మీద నుంచి చూడటం మేలు. బరువు మరీ ఇబ్బందైతే 8×32 చూడండి. వెడల్పు ఇంచుమించు అంతే ఉంటుంది, బరువు బాగా తగ్గుతుంది, తెల్లవారుజాము వెలుతురు మాత్రం కొంత పోతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది పరికరం కంటే ముఖ్యం. వెనక నుంచి గాలి వీచే నిర్మలమైన రాత్రి పక్షులు పెద్ద సంఖ్యలో కదులుతాయి. అలా బయల్దేరినవాటికి తెల్లవారుజామున వాన అడ్డొస్తే దొరికిన చెట్ల మీద దిగిపోతాయి. వాన ఆగిన వెంటనే వెళ్తే, ముందురోజు ఖాళీగా ఉన్న చెట్లలో ప్రతి కొమ్మా కదులుతున్నట్టు ఉంటుంది. అలాంటి పొద్దున టెన్షన్ పడి అటూ ఇటూ పరుగెత్తొద్దు. పండ్లు కాసిన చెట్టు దగ్గరో, మొదటి ఎండ తగిలే చెట్ల అంచునో నిలబడితే చాలు, వాటంతట అవే వస్తాయి. అక్కడే ఉండే చిన్న పిట్టల గుంపుల్లో ఇవీ కలిసి తిరుగుతాయి కాబట్టి గుంపులో ప్రతి పక్షినీ చూడాలి.

ప్రధానంగా నీటి పక్షులు, గద్దలు చూసేవాళ్లకు 8×42 తీసుకోమని చెప్పను, వాళ్లకు 10 రెట్లదే మేలు. అడవి అంచుల్లో, పొదల్లో, తోటల్లో తిరిగేవాళ్లకు మాత్రం నిస్సంకోచంగా ఇదే చెబుతాను. ఎంత మంచి జత ఉన్నా కొన్ని పక్షులకు పేరు తేలదు. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా పెట్టేటప్పుడు 'ఫిల్లోస్కోపస్ జాతి' (విల్లో, చిఫ్‌చాఫ్, గ్రీనిష్‌లు చేరే వర్గం) అనో, 'విల్లో లేదా చిఫ్‌చాఫ్' అనో నమోదు చేసే వీలుంది. కాళ్లు కనబడలేదు, పిలుపు వినబడలేదు అనుకోండి, నేను అదే ఎంచుకుంటాను. కింద వివరాల్లో రెక్క మీద గీత ఉందా లేదా, తోక ఊపిందా లేదా అన్నది రాసి పెడతాను.