రింజానీ కొండ మూడు రోజుల ట్రెక్: డబ్బు కట్టే ముందు ఒకసారి చదవండి

ఇండోనేషియాలో బాలి పక్కనే ఉన్న లొంబోక్ ద్వీపం మీద రింజానీ అనే అగ్నిపర్వతం ఉంది, ఎత్తు 3,726 మీటర్లు. సెప్టెంబరులో నేనూ మా తమ్ముడూ ఎక్కొచ్చాం. మాది రాజమండ్రి, వాడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. లొంబోక్‌లోనే ఉన్న ఒక ట్రెక్కింగ్ కంపెనీ దగ్గర మూడు పగళ్లు, రెండు రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాం. సెంబలున్ ఊరి వైపు నుంచి ఎక్కి, శిఖరం చూసి, బిలంలో, అంటే కొండ నెత్తిన ఉన్న పెద్ద గుంటలో, ఉన్న సరస్సుకి దిగి, అవతలి అంచు ఎక్కి సెనారు వైపు దిగిపోవడం. మనిషికి 230 డాలర్లు. గైడ్, పోర్టర్లు, టెంటు, తిండి, పార్కు టికెట్, కొండ కింది దాకా బండి, అన్నీ అందులోనే. కొండకి ఐదుకి ఐదు, మాతో వచ్చిన మనుషులకి ఐదుకి ఐదు, కంపెనీకి మాత్రం మూడే ఇస్తాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు అక్కడ చాలామంది దగ్గర ఉన్నాయని దారిలో కలిసినవాళ్ల మాటల్ని బట్టి అర్థమైంది. పేరు కన్నా, ఏం అడిగి డబ్బు కట్టాలో తెలియడం ముఖ్యం.

మొదటి రోజు పొద్దున సెంబలున్ నుంచి నడక. ఊరు దాదాపు 1,150 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చుట్టూ వెల్లుల్లి, కూరగాయల పొలాలు. అక్కడి నుంచి గంటల తరబడి గడ్డి మైదానమే, చెట్టు నీడ దాదాపు లేదు. ఎండ మన ఏప్రిల్ ఎండలా మాడు మీద కొడుతుంది, గాలి మాత్రం చల్లగా ఉండడంతో ఎంత మాడిపోతున్నామో తెలియదు, సాయంత్రం చూసుకుంటే మా తమ్ముడి మెడ ఎర్రగా కందిపోయింది. పోస్ట్ 1, పోస్ట్ 2 దాటి పోస్ట్ 3 దాకా, అంటే 1,800 మీటర్ల దాకా, కష్టమేం లేదు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. అక్కడి నుంచి బిలం అంచు 2,639 మీటర్ల దగ్గర ఉంది, మధ్యలో ఒకదాని వెనక ఒకటి వచ్చే ఎత్తుల్ని అక్కడివాళ్లు 'పశ్చాత్తాపం ఏడు కొండలు' అంటారు. గైడ్ ఆ పేరు చెప్పగానే మేమిద్దరం ఒకేసారి 'గోవిందా' అన్నాం. అలిపిరి మెట్ల మీద మోకాళ్ల పర్వతం దగ్గర ఒళ్లు ఎలా అవుతుందో ఎక్కినవాళ్లకి తెలుసు కదా, ఇక్కడ మెట్లుండవు, ఎర్రటి దుమ్ము, బయటికి పొడుచుకొచ్చిన వేళ్లు. ఇదే ఆఖరిది అనుకున్న ప్రతిసారీ పైన ఇంకోటి కనిపిస్తుంది.

ఇక్కడ పోర్టర్ల గురించి చెప్పాలి. ఇది రివ్యూ కాబట్టి ముందు చెప్పాల్సింది నిజానికి వాళ్ల గురించే. వాళ్లు సామాను వీపున మోయరు, వెదురు కావడి మీద మోస్తారు. అచ్చం మన కావడే: భుజం మీద బద్ద, రెండు వైపులా బుట్టలు. ఆ బుట్టల్లో టెంట్లు, బియ్యం, గుడ్లు, గ్యాస్ స్టవ్, నీళ్లు, మాకోసం మడత కుర్చీలు కూడా. కాళ్లకి రబ్బరు చెప్పులు. నిటారుగా ఉన్న చోట నేను చేతులు కూడా ఆనించి ఎక్కుతుంటే, మా పోర్టర్ పక్క నుంచి దాటి వెళ్లాడు. బద్ద కిర్రు కిర్రుమంటోంది, అడుగు పడ్డప్పుడల్లా బుట్టలు రెండూ కొంచెం కిందికి ఊగి పైకి లేస్తున్నాయి, ఆయన ఊపిరి కూడా సరిగ్గా ఆ ఊపుతోనే కలిసి నడుస్తోంది. నీళ్లు తాగడానికి ఆగి చొక్కా భుజం సర్దుకుంటుంటే చూశాను. కుడి భుజం మీద, మెడకి దగ్గరగా, నిమ్మకాయ అంత కాయ కాసి ఉంది. బద్ద సరిగ్గా దాని వెనక ఆనుతుంది. బరువెంత అని గైడ్‌ని అడిగితే ముప్ఫై కిలోలు దాటింది అన్నాడు. కంపెనీ మాకు చెప్పింది మనిషికి ఇరవై ఐదుకి మించదు అని, ఇద్దరికీ కలిపి ఇద్దరు పోర్టర్లు వస్తారని. వచ్చింది ఒక్కరే. రెండో మనిషికి మేం కట్టిన డబ్బు ఏమైంది అని కొండ దిగాక అడిగితే 'సర్దుబాటు' అన్నారు. మూడు మార్కులు ఇవ్వడానికి ఇదే మొదటి కారణం, నా దృష్టిలో మిగతావన్నీ దీని ముందు చిన్నవి.

సాయంత్రం ఐదు దాటాక అంచు మీదకి చేరాం. అవతల అంతా ఒక్కసారిగా ఖాళీ. కింద, అరకిలోమీటరుకి పైగా లోతులో, నీలం పచ్చ కలిసిన సరస్సు నెలవంక ఆకారంలో, దాని ఒడిలో నల్లటి చిన్న కొండ. సరస్సు పేరు సెగారా అనాక్, సముద్రం బిడ్డ అని అర్థం. నల్ల కొండ బారుజారి, ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం అదే, 2015లోనూ 2016లోనూ బూడిద కక్కింది. మేఘాలు మా కాళ్ల కింద నుంచి అంచు మీదకి పొర్లి, మళ్లీ వెనక్కి జారిపోతున్నాయి. వేయించిన అరటిపళ్లు, అల్లం టీ తెచ్చి చేతిలో పెట్టారు. ఇరవై నిమిషాల పాటు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

రాత్రి భోజనం దగ్గర గైడ్ కొండ కథ చెప్పాడు. ద్వీపంలో ఎక్కువమంది సాసక్ జాతివాళ్లు, ముస్లింలు. అయినా ఈ కొండకి ఒక రాణి ఉందని నమ్ముతారు, పేరు దేవీ అంజానీ. మనకి ఆ పేరు వినగానే ఆంజనేయస్వామి తల్లి అంజనాదేవి గుర్తుకొస్తుంది, నాకూ అదే అనిపించింది. వాళ్ల కథ వేరు. ఆమె రాజు కూతురు, ప్రేమించినవాడితో పెళ్లికి ఇంట్లో ఒప్పుకోకపోతే కుమిలిపోయి మనుషుల లోకం నుంచి మాయమై, కంటికి కనపడని వాళ్ల లోకానికి రాణి అయి శిఖరం మీద ఉండిపోయిందట. అందుకే కొండ మీద గట్టిగా అరవకూడదు, బూతులు మాట్లాడకూడదు, ఎవరైనా అలా చేస్తే మంచు కమ్మేస్తుంది అన్నాడు. చెప్తున్నప్పుడు ఆయన గొంతు తగ్గించాడు, మా కోసం నటించడం లేదని స్పష్టంగా తెలిసింది.

అంచు మీద రెండు బాధలు. చెత్త ఒకటి. ప్లాస్టిక్ సీసాలు, టిష్యూలు, నూడుల్స్ కవర్లు పొదల వెనక పోగులు పడి ఉన్నాయి, కోతులు వాటిని చెల్లాచెదురు చేస్తున్నాయి. దేవత ఉందనే కొండ మీద అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీ కవర్లు మీరే కిందకి తెచ్చుకోండి దయచేసి. రెండోది కంపెనీ ఇచ్చిన స్లీపింగ్ బ్యాగ్, జిప్పు సగంలో ఆగిపోయింది. రాత్రి గాలి టెంటుని కొడుతుంటే స్వెట్టరూ జాకెట్టూ అన్నీ వేసుకున్నా పళ్లు కొట్టుకున్నాయి.

తెల్లవారుజామున రెండింటికి లేపారు. అంచు నుంచి శిఖరానికి దాదాపు 1,090 మీటర్ల ఎత్తు, చీకట్లో. నాకిచ్చిన తలలైటు గంటలోనే మసకబారింది, నా ఫోన్ లైటు పట్టుకున్నాను. చివరి భాగం గురించి ఎంత చదివినా సరిపోదు: అంతా అగ్నిపర్వతం కక్కిన కంకర, బూడిద. రెండడుగులు వేస్తే ఒకటిన్నర అడుగు వెనక్కి జారుతుంది. బూట్లలోకి గులకరాళ్లు దూరి అరికాలి కింద గుచ్చుకుంటాయి, తీసి దులుపుకుందామంటే చేతివేళ్లకి స్పర్శ ఉండదు. పైన, కింద చీమల బారులా టార్చిలైట్లు. ఒక చోట తమ్ముడు కూలబడి, 'అన్నా, ఇంక నా వల్ల కాదు, నువ్వు పో' అన్నాడు. గైడ్ నన్ను ఒక్కడినీ పోనివ్వలేదు. ముగ్గురం కలిసే పోదాం, లేకపోతే ముగ్గురం కలిసే దిగుదాం అన్నాడు. ఒక బండ చాటున కూర్చోబెట్టి, చాక్లెట్ తినిపించి, పది నిమిషాలకి మళ్లీ లేపాడు. ఆ ఒక్క పని చేసినందుకు ఆయనకి ఎన్ని మార్కులిచ్చినా తక్కువే. 2025 జూన్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ శిఖరం దారిలోనే జారి లోయలో పడి చనిపోయింది, ఆమె దగ్గరికి చేరుకోవడానికే రక్షక దళానికి రోజులు పట్టింది. వెనకబడ్డ మనిషిని వదలని గైడ్ దొరకడం ఇక్కడ ప్రాణాలతో పని.

సూర్యుడు వచ్చాక పడమర వైపు చూడండి. కొండ నీడ ముక్కోణంగా సముద్రం మీద పడి, దాని పక్కనే బాలిలో ఉన్న ఆగుంగ్ శిఖరం మేఘాల మీద తేలుతూ కనిపిస్తుంది. తూర్పున సుంబావా ద్వీపం, 1815లో పేలిన తంబోరా అగ్నిపర్వతం ఉన్నది దాని మీదే. పైన పావుగంట ఉన్నామేమో, గాలికి నిలబడలేక దిగిపోయాం.

రెండు రోజుల ప్యాకేజీ తీసుకున్నవాళ్లు ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. నా మాట వినండి, సెలవు ఒక్క రోజు పొడిగించుకోండి. రింజానీ కథంతా కింద సరస్సు దగ్గరే ఉంది.

మనం అంచు అనుకుంటున్నది నిజానికి ఒక పెద్ద కొండ మిగిల్చిన మొండెం. రింజానీ పక్కనే సమాలస్ అనే ఇంకో శిఖరం ఉండేది, నాలుగు వేల మీటర్లకి పైనే. 1257లో అది పేలింది, కొండ పైభాగం పోయి, లోపల కుంగి, ఈ బిలం ఏర్పడింది. అప్పటికి మన ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్నాడు. ఆ పేలుడు ఆకాశంలోకి పంపిన గంధకం గ్రీన్‌లాండ్‌లోనూ అంటార్కిటికాలోనూ మంచు పొరల్లో పేరుకుపోయింది. శాస్త్రవేత్తలకి ఆ ఆనవాలు ఎప్పటి నుంచో తెలుసు, కానీ ఏ కొండది అన్నది దశాబ్దాల పాటు తేలలేదు. 2013లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రాంక్ లావిన్యే బృందం అది ఇక్కడిదే అని తేల్చింది. బూడిద పొరల కింద దొరికిన బొగ్గు ఒక ఆధారం. లొంబోక్ తాళపత్రాల్లో ఉన్న 'బబద్ లొంబోక్' అనే పాత గాథ ఇంకొకటి. కొండ కూలిందని, పామతన్ అనే పట్నం రాళ్ల కింద పోయిందని, బతికినవాళ్లు గుట్టలెక్కి చూస్తూ నిలబడ్డారని ఆ తాళపత్రాల్లోనే రాసి ఉంది. లోకం మొత్తం వెతుకుతున్న జవాబు ఒక ఊరివాళ్ల తాటాకుల మీద వందల ఏళ్లుగా ఉందంటే, ఆ నీళ్ల పక్కన కూర్చుని తలుచుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పామతన్ ఇప్పటికీ బూడిద కిందే ఉంది.

సరస్సుకి దిగే దారి అంచు నుంచి ఆరు వందల మీటర్లకి పైగా దిగుడు, బండల మీద, చాలా చోట్ల కూర్చుని కాళ్లు జార్చాలి. 2018 భూకంపాలకి ఈ దారులు విరిగిపడ్డాయి. ఆ ఏడు జూలై 29న కొండ మీద ఉన్న ఐదు వందల మందికి పైగా చిక్కుకుపోయారు. కొండచరియల గాయాలు ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి. కిందికి చేరితే ఒడ్డున గాలాలు వేసుకుని కూర్చున్న స్థానికులు, కొంచెం అవతల ఐక్ కలక్ అనే వేడినీటి బుగ్గ. బండల అంచులు తుప్పు రంగులో ఉంటాయి, నీళ్లలో గంధకం వాసన. జబ్బులు పోతాయని సాసక్ వాళ్లు రోజంతా నడిచి వస్తారు. శిఖరం దిగొచ్చిన తొడలతో అందులో మెడ దాకా మునిగి కూర్చున్నాను. ఆ అరగంటకే 230 డాలర్లూ చెల్లిపోయాయి అనిపించింది.

ఏటా బాలి పంచాంగం ఐదో నెల పౌర్ణమికి, మన లెక్కలో అక్టోబరు, నవంబరు ప్రాంతంలో, లొంబోక్‌లో ఉండే బాలి హిందువులు ఇక్కడికి ఎక్కొచ్చి పూజ చేస్తారు. వానలు బాగా పడాలని మొక్కి, బంగారంతో చేసిన చిన్న చిన్న చేప బొమ్మల్లాంటివి సరస్సుకి సమర్పిస్తారు. ముస్లింలూ హిందువులూ ఒకే నీళ్లని ఇలా చూసుకోవడం నాకు చాలా నచ్చింది.

మూడో రోజు సెనారు వైపు దిగుడు. ఇది పూర్తిగా వేరే కొండ అనిపిస్తుంది. పైన సరుగుడు చెట్లు, ఇక్కడివాళ్లు చెమారా అంటారు, కిందికి వస్తే తడి అడవి, నల్ల కొండముచ్చుల్లాంటి లుటుంగ్ కోతులు. 1856లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త బాలి నుంచి లొంబోక్ దాటినప్పుడు పక్షులు మారిపోవడం గమనించాడు. అవతల ఆసియా పక్షులు, ఇవతల ఆస్ట్రేలియా వైపు ఉండే కాకటూ చిలుకలు. మధ్యలో ఉన్న జలసంధి అంత లోతైనది, మంచు యుగంలో సముద్రం తగ్గినప్పుడు కూడా ఎండిపోలేదు. లొంబోక్‌లో తప్ప ఇంకెక్కడా లేని ఒక చిన్న గుడ్లగూబ కూడా ఉంది, రింజానీ స్కాప్స్ ఔల్. శాస్త్రం దానికి పేరు పెట్టింది 2013లో, ఊళ్లోవాళ్లు మాత్రం దాని కూత విని ఎప్పటి నుంచో 'పోక్' పిట్ట అనే పిలుస్తున్నారు. పగటి పూట దిగాం కాబట్టి మాకు వినపడలేదు.

తిండి బాగుంది. శాకాహారం అని ముందే చెప్పండి. వేయించిన టెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ), అన్నం, కూరగాయల పులుసు, సంబల్ అనే ఘాటైన మిరప పచ్చడి పెడతారు. కింద ఊళ్లో పెలెచింగ్ కంగ్‌కుంగ్ తినండి, మన తూటికూరని ఉడికించి టమాటా మిరప పచ్చడి వేస్తారు, ఆంధ్రా నాలుకకి సరిగ్గా సరిపోతుంది. (జావా భాషలో లొంబోక్ అంటే మిరపకాయే. ద్వీపం పేరు మాత్రం సాసక్‌లో నిటారు అనే మాట నుంచి వచ్చిందంటారు.)

కంపెనీకి డబ్బు కట్టే ముందు మెసేజ్‌లో రాతపూర్వకంగా అడగండి: పోర్టర్లు ఎంతమంది, ఒక్కొక్కరు ఎన్ని కిలోలు మోస్తారు, ఇద్దరిలో ఒకరు వెనకబడితే గైడ్ ఎవరితో ఉంటాడు. జవాబు తిన్నగా రాకపోతే వేరేవాళ్లని చూసుకోండి, సెంబలున్‌లోనూ సెనారులోనూ బోలెడుమంది ఉన్నారు. తలలైటు, మంచి చలికోటు, చేతి తొడుగులు మీవే తీసుకెళ్లండి. జనవరి నుంచి మార్చి దాకా వానలకి కొండ మూసేస్తారు. టిప్ ఆఫీసులో ఇవ్వకండి, సెనారు గేటు దగ్గర ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి. చిన్న నోట్లు ముందే మార్చి పెట్టుకోండి, మా దగ్గర అన్నీ పెద్ద నోట్లే ఉండడంతో మా పోర్టర్ చిల్లర కోసం ఆ కావడి భుజాన పెట్టుకునే రెండు టీ కొట్లు తిరగాల్సి వచ్చింది.