ఇంటి బైబిల్‌గా తెలుగు ఓల్డ్ వెర్షన్ పెద్ద అక్షరాల ప్రతి

బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే ఓల్డ్ వెర్షన్ (పాత తెలుగు అనువాదం) ‘పరిశుద్ధ గ్రంథము’ రకరకాల సైజుల్లో దొరుకుతుంది. ఆదివారం ఆరాధనకు పట్టుకెళ్లడానికి చిన్నది చాలు. కుటుంబ ప్రార్థనలో అందరి మధ్య తెరిచేది, మన తర్వాత పిల్లల చేతికి వెళ్లేది కొనాలంటే మాత్రం పెద్ద అక్షరాల ప్రతే తీసుకోండి. బరువు ఎక్కువే, ఒళ్లో పెట్టుకుని ఎక్కువసేపు చదవలేరు, బల్లో పీటో కావాలి. అయినా అదే మేలు.

చిన్న అచ్చులో ఇబ్బందంతా ఒత్తుల దగ్గరే. రాత్రి లైటు వెలుగులో పెద్దవాళ్లకు అవి ఆనవు. షాపులోనే ఎస్తేరు మొదటి అధ్యాయం తీసి, ‘అహష్వేరోషు’ అన్న పేరు వచ్చిన వచనాలు మోచేతి దూరంలో పెట్టుకుని పైకి చదివి చూడండి. తడబడితే ఇంకా పెద్ద సైజు అడగండి. వెన్ను పైఅంచు కూడా చూడాలి. కాగితాలు మడతలు మడతలుగా ఉండి, మడత నడుమ దారం కనిపిస్తే కుట్టు బైండింగ్. జిగురుతో మాత్రమే అతికించింది రోజూ తెరిస్తే పేజీలు విడిపోతాయి. కొత్తది నడిమికి ఒక్కసారిగా విప్పకండి. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు తీసి లోపలి అంచు మెల్లగా నొక్కుతూ మధ్యకు రండి.

భాష గ్రాంథికం. పదేళ్ల పిల్లలకు కష్టమే. కానీ సండే స్కూల్లో కంఠతా పట్టించేదీ, ప్రసంగాల్లో వినిపించేదీ ఎక్కువగా ఈ అనువాదమే. అందుకని పైకి చదవడం దీంట్లో, అర్థం చెప్పడం వాడుక భాషలో పెట్టుకుంటే సరిపోతుంది. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు 3, ఆదివారం 5 చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. చాలా ఇళ్లలో ఈ పట్టిక మూడో పుస్తకమైన లేవీయకాండం దగ్గరే ఆగిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే.

ఈ ప్రతి అసలు విలువ అంచుల్లో రాసే మాటల్లో ఉంది. శిష్యుడు తిమోతి విశ్వాసాన్ని తలుచుకుంటూ అపొస్తలుడు పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి రాశాడు (2 తిమోతి 1:5). అలాంటి అవ్వ దేని కోసం మోకరించిందో మనవలకు తెలియాలంటే ఎక్కడో రాసి ఉండాలి. వచనం పక్కన తేదీ, ఎవరి కోసం ప్రార్థించారో రెండు మాటలు, జవాబు వచ్చాక ఇంకో తేదీ రాయండి. రాని జవాబులకు జాగా అలాగే వదలండి, అది కూడా సాక్ష్యమే. కొడుకు తప్పులు, తోడికోడలి మాటలు రాయకండి. మీరు క్షమించి వదిలేసినా ఆ కాగితం వదలదు. పేజీ అంతా గీతలు గీస్తే ఏది ముఖ్యమో తర్వాతివాళ్లకు అంతుపట్టదు.

కాగితం పలచన. జెల్ పెన్ను, హైలైటర్ వెనక్కి దిగుతాయి. హెచ్‌బీ పెన్సిల్, గీతలకు రంగు పెన్సిల్ వాడండి, గట్టిగా నొక్కకండి.

ఫోన్‌లో యూవెర్షన్ యాప్‌లో ఇదే అనువాదం ఉచితం. వచనం వెతకడానికి, ప్రయాణంలో వినడానికి చాలా బాగుంది. ఇంటి ప్రార్థనకు మాత్రం వద్దంటాం. తండ్రి వాక్యం చదువుతున్నాడో మెసేజ్ చూస్తున్నాడో పిల్లలకు తెలియదు. పైగా మీ అకౌంటు పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే అందులో రాసుకున్న నోట్సు మీ తర్వాత వాళ్లకు అందదు.

జిప్ కవరు కొంటే పేజీల మూలలు లోపలికి సర్ది మూయండి, జిప్ పళ్లలో పడితే చిరుగుతాయి. పెళ్లి కార్డులు, ఫొటోలు, కానుక కవర్లు లోపల దాచే అలవాటు వెన్నును విరిచేస్తుంది. కోస్తా ఇళ్లలో గోడకు ఆనించి పెడితే చెమ్మ పట్టి పురుగు చేరుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేప్ వేయకండి, కొన్నేళ్లకు అది పసుపెక్కి అక్షరాలను కప్పేస్తుంది. పలచని టిష్యూ కాగితాన్ని మైదా జిగురుతో అతికించి పూర్తిగా ఆరనివ్వండి.