పదేళ్లు, 1,20,000 కిలోమీటర్లు: మాన్యువల్‌లోని సర్వీస్ పట్టికపై సమీక్ష

ఈ సమీక్ష కారు గురించి కాదు. కారుతో పాటు వచ్చే మాన్యువల్ చివర్లో, ఎవరూ తెరవని పేజీల్లో ఉండే సర్వీస్ పట్టిక గురించి. బండి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు. పట్టికను గడి గడికీ పాటిస్తూ పదేళ్లు నడిపాక తేలింది ఒకటే: పట్టిక మంచిదే, మనం దాన్ని సగమే చదువుతాం. దాదాపు ప్రతి పనికీ ‘ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది’ అని రాసి ఉంటుంది. మీటరు కళ్లెదురుగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి కిలోమీటర్లు గుర్తుంటాయి. నెలలు గుర్తుండవు. బండి కదలకపోయినా పాడయ్యే బ్రేక్ ఆయిల్, కూలంట్, బ్యాటరీ, టైర్ల రబ్బరు దగ్గరే ఓనర్లు ఎక్కువగా ఎగ్గొట్టేది.

ఇంజిన్ ఆయిల్ విషయంలో మాత్రం అందరూ బుద్ధిమంతులే, ఎందుకంటే డాష్‌బోర్డు మీద స్పానర్ గుర్తు వెలిగి గుర్తుచేస్తుంది. ఈ బండికి 10,000 కి.మీ. లేదా ఏడాది. కానీ పట్టిక కింద చిన్నక్షరాల్లో ‘కఠిన వాడకం’ అని ఇంకో వరస ఉంది. దుమ్ము దారులు, గంటల కొద్దీ ట్రాఫిక్, ఇంజిన్ వేడెక్కేలోపే ముగిసే చిన్న ప్రయాణాలు అన్నీ అందులోకే వస్తాయి. నిజాయితీగా చూసుకుంటే మనలో చాలామంది ఆ వరసలోనే ఉన్నాం. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో ఆయిల్ సరిగ్గా కాగదు. దాంతో లోపల చేరిన నీటి ఆవిరి, సిలిండర్ గోడల మీంచి దిగిన పెట్రోలు బయటికి పోక ఆయిల్‌లోనే కలిసిపోతాయి. ఆయిల్ మూత అడుగున మీగడలా కనిపించే పసుపు తెట్టు చాలాసార్లు ఆ నీటి పనే. దానితో పాటు కూలంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజిన్ బ్లాకుకీ పై తలకీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. చిన్న ప్రయాణాల బండికి గడువు సగానికి తగ్గించడమే న్యాయం.

మార్చే పనిలో తప్పులు జరిగేది రెండు చోట్ల. మొదటిది ఆయిల్ ఫిల్టర్. పాతది విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఒత్తిడికి ఆయిల్ చిమ్ముతుంది. ఫిల్టర్ కూర్చునే చోటుని గుడ్డతో తుడిచి, వేలితో ఓసారి తడిమి చూడాలి. కొత్త రింగుకి కాస్త కొత్త ఆయిల్ రాసి, అది ఆనిన తర్వాత చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు కింది వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. రెండోది కొలత. మాన్యువల్‌లో 3.5 లీటర్లని ఉంటే 3.2 పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి, చదునైన నేల మీద గేజ్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూసి మిగతాది పోయాలి. గేజ్ మీది రెండు గీతల మధ్య తేడా చాలా కార్లలో లీటరుకి అటూ ఇటూ ఉంటుంది. పై గీత దాటితే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులను కాపాడదు. ఇంకో మాట: ఎర్ర ఆయిల్ దీపం చెప్పేది మట్టం కాదు, ఒత్తిడి. అది వెలిగేసరికే ఆలస్యం. నెలకోసారి గేజ్ తీసి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇక అందరూ ఎగ్గొట్టేవాటిలో మొదటిది బ్రేక్ ఆయిల్. పట్టికలో దీనికి రెండేళ్లు. బండి షెడ్డులో ఉన్నా రెండేళ్లే. డాట్ 3, డాట్ 4 అని సీసా మీద రాసి ఉండే రకాలు గ్లైకాల్ ఆధారితాలు. మూత రంధ్రం గుండా, హోసుల రబ్బరు గుండా గాలిలోని తేమని లాక్కుంటూనే ఉంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు 3.7 శాతానికి చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. కొండ దిగుతూ బ్రేకు మీదే బండిని ఆపుతూ వస్తే క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కి చక్రాన్ని ఆపే భాగం) దగ్గర ఆ వేడి పుట్టడం కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది, అందుకే పెడల్ నేలకు దిగిపోతుంది. రోజువారీ నెమ్మది ప్రయాణాల్లో ఈ లోపం అసలు బయటపడదు, అదే దీనితో చిక్కు.

మార్చడానికి లీటరు సరిపోతుంది. ముందు బానెట్ కింది బ్రేక్ ఆయిల్ డబ్బాలోని పాతదాన్ని సిరంజితో లాగేసి కొత్తది పోయాలి. తర్వాత మాన్యువల్ చెప్పిన చక్రాల వరసలో క్యాలిపర్ మీది నిపుల్‌కి (ఆయిల్ వదిలే చిన్న మర) పారదర్శక గొట్టం తగిలించి, దాని రెండో కొసని కాస్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టాలి, ఇంకొకరు నిపుల్ అరచుట్టు వదిలి, మళ్లీ బిగించాకే ‘వదులు’ అనాలి. ఈ వరస తప్పితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. పాత బండి అయితే పెడల్ కింద చెక్కముక్క పెట్టుకోవాలి. పెడల్‌ని నేలదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ నొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) ఏళ్లుగా సీలు తిరగని, తుప్పు పట్టిన భాగం మీదికి సీలు వెళ్లి చిరిగే ప్రమాదం ఉంది. డబ్బా అడుగంటనివ్వకూడదు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్‌లోకి గాలి దూరితే చాలా బండ్లకి స్కానర్ లేకుండా తీయడం కుదరదు. చుక్క పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

డబ్బాలో మట్టం కొద్దిగా తగ్గిందని పైన పోసేసేవాళ్లున్నారు. సాధారణంగా అది లీకు కాదు, ప్యాడ్లు అరిగిన గుర్తు. క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకొచ్చిన మేర ఆయిల్ కిందికి దిగింది, అంతే. అప్పుడు నింపితే, కొత్త ప్యాడ్లు వేస్తూ పిస్టన్ వెనక్కి నెట్టిన రోజు పొంగి కారుతుంది. మట్టం ఒక్కసారిగా పడిపోతే మాత్రం అది లీకే, బండి కదపకూడదు.

పట్టిక మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. బ్రేకులకు అది ‘తనిఖీ’ అని ఒక్క మాట రాసి ఊరుకుంది. ఆ మాటని చాలా చోట్ల చక్రం సందుల్లోంచి బయటి ప్యాడ్ చూడటంగా అర్థం చేసుకుంటారు. క్యాలిపర్ జారే పిన్నులు ఎండిపోతే ముందు అరిగేది లోపలి ప్యాడ్. బయటిది 7 మిల్లీమీటర్లు కనిపిస్తుంటే లోపలిది ఇనుముకి ఆనబోతూ ఉండొచ్చు. ఏడాదికోసారి చక్రం విప్పి, పిన్నులు బయటికి లాగి తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. బేరింగుల గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. ఏ వైపు ప్యాడైనా 3 మిల్లీమీటర్లకు వస్తే ఆ యాక్సిల్‌కి రెండు చక్రాలవీ కలిపి మార్చాలి.

కూలంట్‌ని నీళ్లతో నింపే అలవాటు ఇంకా పోలేదు. దాని పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. అందులోని తుప్పు నిరోధకాలు ఏళ్ల తరబడి ఖర్చవుతూ పోతాయి. అవి అయిపోయాక రేడియేటర్ అల్యూమినియం, వాటర్ పంపు తినుకుపోతాయి. కలపాల్సి వస్తే శుద్ధజలంతో సగానికి సగం, కుళాయి నీళ్లతో కాదు. రంగు చూసి రకం నిర్ణయించకూడదు, రంగులకు అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. ఇంజిన్ వేడిగా ఉండగా మూత జోలికి పోవద్దు.

టైర్ల గాలి నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చెప్పినంత. టైరు గోడ మీది అంకె గరిష్ఠ పరిమితి, నింపాల్సిన లెక్క కాదు. స్టెప్నీని మరవొద్దు. గోడ మీదే నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. బ్యాటరీకి రాత్రంతా ఆగాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4కి వస్తే కనిపెట్టుకోవాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

టైమింగ్ బెల్టు (పిస్టన్ల కదలికకీ వాల్వులకీ లయ కలిపేది) ఉన్న ఇంజిన్లలో గడువు మీద బేరం పెట్టకూడదు. తెగే ముందు అది శబ్దం చేయదు. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బెల్టు తిప్పే వాటర్ పంపు అయితే దాన్ని, బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్‌ని అప్పుడే మార్చడం మేలు, ఎందుకంటే విప్పే కూలీ ఒకటే. ఈ సమీక్షలోని బండికి చెయిన్ ఉంది. చెయిన్ అయినంత మాత్రాన నిశ్చింత కాదు, అది బతికేది సమయానికి మార్చిన ఆయిల్ మీదే.

పట్టికలో అసలే లేనివి కొన్ని. వైపర్ల కింద ఆకులు చేరి నీళ్లు పోయే దారి మూసుకుపోవడం ఒకటి. ఆ నీళ్లు చివరికి కాళ్ల కింది కార్పెట్‌లోకి చేరతాయి. చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 కి.మీ. నడిపి నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడటం ఇంకొకటి. గేరు ఆయిల్‌కి ‘జీవితకాలం’, అంటే మార్చే పనే లేదని, పట్టికలో రాసిన గడిని మాత్రం నేను నమ్మను.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఒకటి ఆ ‘తనిఖీ’ అనే మాటకి. ఇక ఆయిల్ మార్చాక బానెట్ కింద వేలాడదీసే చీటీ ఉంది చూశారా, దాని మీద తరవాతి కిలోమీటర్లే రాసి వదిలేస్తారు. పక్కనే తేదీ కూడా రాయించుకోండి. చీటీ వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. బ్రేక్ ఆయిల్, కూలంట్, బ్యాటరీ మార్చిన నెలలూ సంవత్సరాలూ అక్కడ పడతాయి.